మూత లోపలి గీతలు

ఆయన్ని అందరూ అసలాయన అంటారు. భూమి సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పటాలు గీసిన మనిషికి ఆ పేరెందుకు వచ్చిందంటే, ఏ వస్తువు చేతికిచ్చినా ముందు దాన్ని తిరగేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఇది అసలుదేనా?" అని అడుగుతాడు గనక. పెళ్లయిన కొత్తలో తననూ అలాగే తిరగేసి చూశాడని ఆయన భార్య చెబుతుంది. తిరిగిచ్చే వీల్లేక ఉంచుకున్నాడని కూడా చెబుతుంది.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఇప్పుడు లేని దేశం ఒకప్పుడు తయారుచేసిన సామాను: సోవియట్ వాచీలు, గోడలకంటించే ప్రచారం బొమ్మలు, ఎర్రనక్షత్రం బిళ్లలు. ఆఫీసువాళ్లు పటాలు పెట్టుకునే పొడవాటి సొరుగుల బీరువా పారేస్తుంటే ఇంటికి మోయించుకొచ్చి వెనక గదిలో పెట్టాడు. సొరుగుకి ఇరవై నాలుగు వాచీల చొప్పున, ఒక్కోదాని కింద చీటీ, చీటీ మీద ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్కటీ నడవదు. నడిస్తే అరిగిపోతాయని ఆయన కీ ఇవ్వడు. "ఇన్ని వాచీలున్న ఇంట్లో టైమెంతయిందో పక్కింటావిణ్ణి అడగాల్సొస్తోంది" అని ఇంటావిడ దెప్పుతూనే ఉంటుంది.

బీరువా ఎదురుగా గోడకి ఒక పోస్టరు. తలకి గుడ్డ కట్టుకున్న మెకానిక్కు మనిషి, ఆడమనిషి, చేతిలో నూనె డబ్బా పట్టుకుని సూటిగా చూస్తుంటుంది. వెనకంతా ఎరుపు. కింద పెద్ద పెద్ద అక్షరాలు. ఆ లిపి కష్టపడి నేర్చుకున్నాడు కాబట్టి అసలాయన వాటిని గడగడా చదివేస్తాడు. అర్థం మాత్రం అడక్కూడదు. భాష తెలిసినవాళ్లెవరో ఒకసారి చెప్పారు, "నీ యంత్రాన్ని నువ్వే కాచుకో" అని ఉందట. ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా ఒకప్పుడు దాన్ని చూసి మురిసిపోయేవాడు. ఇప్పుడు దానికి వీపు చూపించి కూర్చుంటున్నాడు.

ఈ పిచ్చికి మూలం వాళ్ల నాన్న. ఆ నాన్న గోదాములో తూకం గుమస్తా. జీవితంలో ఆయన ముచ్చటపడి కొనుక్కున్న వస్తువు ఒకే ఒక్కటి, పొబేదా వాచీ. మీగడ రంగు ముఖం, అడుగున సెకన్లకి వేరే చిన్న చక్రం. పొబేదా అంటే ఆ భాషలో విజయమట. కొడుక్కి సర్వే ఆఫీసులో ఉద్యోగం వచ్చిన రోజున ఆ విజయాన్ని విప్పి వాడి చేతికి కట్టాడు.

నాలుగు నెలలు తిరక్కుండానే కొడుకు దాన్ని ప్యాంటు జేబులో మర్చిపోయాడు. ప్యాంటుతో పాటు వాచీ సబ్బునీళ్ల బకెట్లో ఒక రోజంతా నానింది. తీసి చూసి, గుడ్డలో చుట్టి ఆఫీసు బల్ల సొరుగులో దాచేశాడు. ఎవరికీ చెప్పలేదు. నాన్న రెండుసార్లు అడిగాడు.

"వాచీ ఏదిరా?"

"ఆఫీసులో ఉంది నాన్నా."

మాట అబద్ధమూ కాదు, నిజమూ కాదు. మూడోసారి అడగడానికి నాన్న లేడు. ఆ వర్షాకాలంలోనే గుండెనొప్పితో పోయాడు, తన వాచీ కొడుకు ఆఫీసులో భేషుగ్గా నడుస్తోందనుకుంటూ.

ఆ తర్వాతే అసలాయన వాచీని తీసుకుని వాచీలు బాగుచేసే మేస్త్రి దగ్గరికి వెళ్లాడు. మేస్త్రిది మెట్ల కింద అలమారంత కొట్టు. ఆయన కూర్చుంటే కొట్టు నిండిపోయేది. పని మీద వచ్చినవాళ్లు రోడ్డు మీద నిలబడాల్సిందే. మూత తీస్తే లోపల ఎర్రమట్టి లాంటి తుప్పు.

"వాచీకి స్నానం చేయించావా తమ్ముడూ? సబ్బు కూడా పెట్టినట్టున్నావే" అన్నాడు మేస్త్రి. నవ్వించబోయి, ఎదుటివాడి కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయాడు. "ఎవరిదిది?"

"మా నాన్నది. మొన్ననే పోయాడు."

మేస్త్రి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఇప్పట్లో లేవదు. ఉంచి వెళ్లు. చూద్దాం."

రిపేరువాళ్ల 'చూద్దాం' అంటే ఏమిటో లోకానికంతా తెలుసు. అసలాయన మళ్లీ ఆ వాచీ ఊసెత్తలేదు. ఎత్తితే, లేదు తమ్ముడూ పోయింది అంటాడని భయం. కానీ ఆ రోజు మొదలు ప్రతి శనివారం ఆఫీసయ్యాక మెట్ల దగ్గరికి వెళ్లి, సగం కొట్టులో సగం రోడ్డు మీద ఉండే స్టూలు మీద కూర్చోవడం మాత్రం అలవాటైంది. అక్కణ్ణించే అలాంటి వాచీనే ఇంకొకటి సంపాదించాలన్న యావ పుట్టింది. ఒకటి దొరికింది, కానీ నాన్నది ఇంకొంచెం తెలుపేమో అనిపించింది. ఇంకొకటి దొరికింది, నాన్న వాచీ ముళ్లు ఇంకొంచెం సన్నమేమో. అలా అలా ఒక్క పొబేదాలే నలభై ఒకటయ్యాయి.

మేస్త్రి పనితనం అంతా చెవిలో ఉండేది. ఏ వాచీ వచ్చినా మూత తీసే ముందు చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ముందు చెవికి చెప్పుకుంటుంది, ఆ తర్వాతే కంటికి" అనేవాడు. తను ఒకసారి కట్టిన వాచీ పదేళ్ల తర్వాత వచ్చినా శబ్దాన్ని బట్టి గుర్తుపట్టి, అప్పుడు మూత తీసి సరిచూసుకునేవాడు. ఎందుకంటే మేస్త్రిలు బాగుచేసిన ప్రతిసారీ మూత లోపలి వైపు సూదిమొనతో తారీఖూ తమ గుర్తూ గీస్తారు. కంటికి ఆనీ ఆనని గీతలు. తర్వాత చేయి వేసే మేస్త్రికి అది రాసిపెట్టిన ఉత్తరం లాంటిది. ఈ సంగతి అసలాయనకి మేస్త్రే నేర్పాడు. నేర్చుకున్నవన్నీ అక్కరకి గుర్తొస్తే మనిషి బాగుపడకపోయేవాడా?

అసలాయన రిటైరైన రోజు ఆఫీసువాళ్లు గోడ గడియారం ఇచ్చారు. అది ప్లాస్టిక్కుది, అసలుదా కాదా అని అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఆ సాయంత్రం మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటిసారి ఇంటికొచ్చాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి చేతిలో పెట్టాడు. లోపల పొబేదా. నల్లటి ముఖం, బంగారు రంగు ముళ్లు, నడుస్తోంది.

"నీకోసమే కట్టాను తమ్ముడూ. తీరిగ్గా కూర్చుని మూత తీసి చూడు. తొందరేం లేదు" అని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అసలాయనకి సంబరంగానే ఉంది. జీవితంలో మొట్టమొదటిసారి, సేకరించినదాన్ని చేతికి పెట్టుకున్నాడు. దాని నడకలో చిన్న కుంటితనం ఉంది. ఒక టిక్కు పొడుగు, ఒక టక్కు పొట్టి. రాత్రిపూట దిండు పక్కన పెట్టుకుంటే ఎవరో ముసలాయన వసారాలో పచార్లు చేస్తున్నట్టుందని ఇంటావిడ అంది. అయితే మూత మాత్రం తియ్యలేదు. ఆదివారం నలుగురిలో తీద్దామనుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

నెలకో ఆదివారం, ఇలాంటి పిచ్చివాళ్లు ఆరేడుగురు పళ్ల డాక్టరు ఆస్పత్రిలో కూడతారు. ఆ రోజు రోగులుండరు కాబట్టి రోగుల కుర్చీల్లో వీళ్లు కూర్చుంటారు. పళ్ల డాక్టరు వాచీ మూత తీస్తే నోరు తెరిపించి చూసినట్టే ఉంటుంది. ఎక్కడ పుచ్చిందో ఠక్కున చెప్పేస్తాడు. గుడ్డు మీద ఈకలు పీకే విద్యలో ఆయన్ని మించినవాడు లేడు.

అసలాయన చేతి వాచీ విప్పి ఇచ్చాడు. డాక్టరు మూత తీసి, దాన్ని గుడ్డ మీద బోర్లా పెట్టి, లోపలి మిషను మీదికి దీపం వంచాడు.

"మాస్టారూ, మిషను ఒక ఫ్యాక్టరీది, డయలు ఇంకో ఫ్యాక్టరీది. ముళ్లు వేరే వాచీవి. చక్రాల్లో రెండు అసలు ఈ రకానివే కావు. అతుకుల బొంత!"

కుర్చీల్లో అందరూ నవ్వారు. ఆ నవ్వు అసలాయన చెవుల్లో వేడిగా దిగింది. అసలాయన అని పేరు పెట్టించుకున్నవాడి చేతికి అతుకుల బొంత. పరువు కాపాడుకోవడానికి ఆయనా నవ్వాడు. నవ్వి ఊరుకున్నా బాగుండేది.

"రిపేరువాళ్ల పని అంతేగా. చెత్తడబ్బాలోవి ఏరి కట్టి ఉంటాడు" అన్నాడు.

ఎవరూ బలవంతపెట్టలేదు. ఆయన నోటితో ఆయనే అన్నాడు.

నవ్వులు తగ్గాక డాక్టరు మిషనుని ఇంకొంచెం దగ్గరగా చూశాడు. దాని మీద ఏ ఏడాది, ఏ మూడు నెలల్లో తయారైందో అంకెలు కొట్టి ఉన్నాయి. డాక్టరు దగ్గర అలా వరసగా ఏడాదుల వారీ మిషన్లు ఉన్నాయి. మధ్యలో ఒక్కటే ఖాళీ. ఆ ఖాళీలో పట్టే అంకె ఇదే. మిషను ఇచ్చేస్తే తన ఆస్పత్రి గోడ మీది పోస్టరు ఇస్తానన్నాడు. నూనె డబ్బా మనిషి. అసలాయన ఆ పోస్టరు మీద కన్నేసి అప్పటికి రెండేళ్లయింది. పది నిమిషాల్లో వ్యవహారం తేలిపోయింది. ఆ మనిషిని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, మిషను లేని డొల్ల వాచీని జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

ఇక మిగిలినవి. డయలూ ముళ్లూ ఒక కవర్లో పడేశాడు. మూత మాత్రం పనికొస్తుందనిపించింది. సొరుగులో ఒక మంచి వాచీకి మూత సొట్టపోయి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే దీని లోపలి వైపంతా గీతలు. నాలుగైదు కాదు, వరసలకి వరసలు. మొదటి వరసలో ఏదో పాత తారీఖు కనపడింది. రిపేరు గుర్తులు, అనుకున్నాడు. సేకరించేవాళ్ల లెక్కలో అవి గాయాలు. కిటికీ దగ్గర కూర్చుని, దూదికి లోహం తోమే పాలిష్ అద్ది, మూడు మధ్యాహ్నాలు తోమాడు. ముప్పై నాలుగేళ్లు వెంట్రుకంత గీతలు గీసిన చెయ్యి. చెరపడంలోనూ అంత నేర్పే చూపించింది. మూత అద్దమైపోయింది.

"తల దువ్వుకోవచ్చు ఇందులో" అంది ఇంటావిడ, పట్టుకుని చూసి.

ఆ శనివారం మేస్త్రి ఆయన చేతి వైపు చూశాడు.

"వాచీ పెట్టుకోలేదే?"

"భద్రంగా దాచాను అన్నా. అరుగుతుందని."

"మూత తీసి చూశావా?"

"చూశాను."

"చదివావా?"

"చదివాను."

మేస్త్రి చేతిలోని పట్టకారు కింద పెట్టి ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు, ఇంకా ఏదో వినాలన్నట్టు. "ఏమంటావు మరి?"

"ఏమంటాను, బ్రహ్మాండంగా ఉంది."

మేస్త్రి తలూపి మళ్లీ పనిలోకి వంగాడు. అసలాయనకి అప్పుడు కలిగింది చిన్న ఇబ్బంది మాత్రమే; ఇంటికి చేరేలోపే మర్చిపోయాడు. తను ఏం పోగొట్టుకున్నాడో తెలియనివాడు సుఖంగానే నిద్రపోతాడు. మూడేళ్లు నిద్రపోయాడు.

ఈలోగా మేస్త్రికి నీటికాసులు వచ్చి చూపు మెల్లమెల్లగా మూసుకుపోయింది. కొట్టు మూసేసి, ఊరికి ఆ చివరనున్న కూతురి ఇంటికి వెళ్లిపోయాడు. అసలాయన రెండుసార్లు వెళ్లి చూసొచ్చాడు. ఆ తర్వాత దూరం అన్నాడు, మోకాళ్లు అన్నాడు.

ఒక బుధవారం పొద్దున మేస్త్రి కూతురే వచ్చింది. రైల్వే టికెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. ఆ రోజు సెలవు. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"బాబాయ్, మా నాన్న పోరు పడలేకపోతున్నాను. మీ నాన్నగారి వాచీ ఒక్కసారి వినాలట. చెవి దగ్గర పెట్టుకుని వింటాడట. చిన్నపిల్లాడికన్నా ఎక్కువైపోయాడు."

"మా నాన్నగారి వాచీయా?" అన్నాడు అసలాయన.

"అదే బాబాయ్, మీ రిటైర్మెంటుకి ఇచ్చాడు చూడండి. నేను బడిలో చేరకముందు నుంచీ అది మా ఇంట్లోనే ఉండేది. డబ్బాలో కిరసనాయిల్లో నానుతూ. అమ్మ తిట్టేది, ఆ చచ్చిన వాచీతోనే కాపురం చెయ్యి అని. డయలు పోయింది, ముళ్లు పోయాయి, చక్రాలు సగం తినేసింది తుప్పు. ఎక్కడ పాత పొబేదా దొరికినా ఒక ముక్క తెచ్చి అందులో వేసేవాడు. కొత్త మిషను పెట్టెయ్యొచ్చుగా నాన్నా అంటే ఒప్పుకునేవాడు కాదు. మిషను మారిస్తే అది ఆయన నాన్న వాచీ ఎలా అవుతుందే అనేవాడు. అది కొంచెం కుంటుతుంది కదా, ఆ కుంటు పోగొట్టడానికి ఇంకో రెండేళ్లు చూశాడు. చివరికి, పోనీలే, ముసలాయన నడక అంతే అని ఇచ్చేశాడు."

అసలాయన కూర్చున్న కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. లోకమంతా వెతికిన పిల్లాడు తన చంకలోనే ఉన్నాడు. వారం రోజులు దిండు పక్కన నడిచాడు. తనే దించి పరాయివాళ్ల చేతిలో పెట్టి, బదులుగా బొమ్మ తెచ్చుకున్నాడు. ముఖం మాత్రమే గుర్తుపెట్టుకున్నాడు తను. ముఖమే సబ్బునీళ్లలో పోయింది. గుండె మిగిలితే దాన్ని గుర్తుపట్టలేకపోయాడు.

"ఎప్పుడు ఏ ముక్క ఎక్కణ్ణించి తెచ్చి వేశాడో అన్నీ మూత లోపల గీశాడట కదా" అంటోంది ఆ అమ్మాయి. "చివర్లో మీకోసం ఒక మాట కూడా రాశాడట. ఏంటి నాన్నా అంటే నాకు చెప్పడు, వాడు చదివాడులే అంటాడు. ఏం రాశాడు బాబాయ్?"

"ఆఁ... చదివానమ్మా" అన్నాడు అసలాయన. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. తేలు కుట్టిన దొంగ మాట అంతకన్నా తిన్నగా రాదు. "ఆదివారం తెస్తానని చెప్పు."

ఆమె వెళ్లాక, గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న ఇంటావిడ అడిగింది, "అద్దంలా తోమారు, ఆ మూతేనా?"

ఆయన తలూపాడు. ఆవిడ ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి దెప్పకుండా లోపలికి వెళ్లిపోయింది. దెప్పి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

పోస్టరు గోడ మీంచి దింపి, చుట్టచుట్టి, ఆ పూటే పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరు ఎవరి పన్నో పీకుతున్నాడు. అయ్యేదాకా బయట కూర్చున్నాడు.

"ఆ మిషనా? వరస మొత్తం పోయిన ఏడాదే ఇచ్చేశాను మాస్టారూ. ఎక్కడో సముద్రం అవతలి మనిషి. మధ్యవర్తి తీసుకెళ్లాడు, ఆ మధ్యవర్తి ఫోను ఇప్పుడు పలకదు" అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ. "అయినా దాంతో ఏం పని మీకు? అతుకుల బొంత అది."

"అది మా నాన్న వాచీ అండీ."

డాక్టరు నీళ్లు కట్టేసి చూశాడు. చెడ్డవాడేం కాదు. చేతులు తుడుచుకుని మెల్లగా అన్నాడు, "మరి ఆ రోజు మీరూ నవ్వారు కదా."

పోస్టరు వద్దన్నాడు. దాన్ని మళ్లీ మోసుకొచ్చాడు అసలాయన. ఇంటావిడ చేతిలోంచి తీసుకుని దాని మేకుకి అదే తగిలించింది.

"వెళ్లి నిజం చెప్పండి. తిడతాడు. పడండి. తిట్టాక ఆయనే ఊరుకుంటాడు" అంది.

"కళ్లు పోయిన మనిషి. ఇంకా ఈ కష్టం కూడా ఆయన నెత్తిన పెట్టమంటావా?"

తన పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకున్నాడని ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

గురువారం, శుక్రవారం, శనివారం. వెనక గదిలో తలుపేసుకుని అసలాయన జీవితంలో మొదటిసారి ఒక వాచీ కట్టాడు. కవర్లోంచి నల్ల డయలూ బంగారు ముళ్లూ తీశాడు. వేరే వాచీకి తగిలించిన మూతని ఊడదీశాడు. నలభై ఒక్క పొబేదాల్లోంచి ఏరి ఏరి అన్నిటికన్నా మంచి మిషను తీశాడు; అదే రకం, అదే ఫ్యాక్టరీ, అసలు వాడనిది. ముల్లు ఒకటి ఎగిరి ఎక్కడో పడితే రెండు గంటలు నేల మీద పాకాడు. ముల్లు దొరికాక అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. మూడు రోజుల పనికి తన నడుము ఇలా ఉంటే, అంతకాలం ఆ మనిషి ఒక పరాయివాడి నాన్న కోసం బల్ల మీదికి ఎన్నిసార్లు వంగి ఉంటాడు? ఆ సంగతి తోచాక ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

శనివారం సాయంత్రానికి వాచీ నడిచింది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ టిక్ అని తూచినట్టు, కుంటు లేకుండా. ఆ కుంటు తెప్పించాలని కూడా చూశాడు, సిగ్గు విడిచి. కుంటేదాన్ని నడిపించడం ఎంత కష్టమో గానీ, సవ్యంగా నడిచేదాన్ని ఆ ముసలి నడక నడిపించడం ఆయన తరం కాలేదు. ముసలి చెవి మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాడు.

ఆదివారం పదింటికి మేస్త్రి కూతురి ఇంటి మెట్లెక్కాడు. మూడో అంతస్తు. బాల్కనీలో బట్టలు ఆరుతున్నాయి. వాటి పక్కన కుర్చీలో మేస్త్రి, ఒళ్లో నాలుగు మడతలేసిన తువాలు. ఒకప్పుడు బల్ల మీద అలాంటి గుడ్డే పరుచుకునేవాడు. అదే ఇస్త్రీ చొక్కా.

"తమ్ముడూ, ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగింది. మార్చు, కాలు బెణుకుతుంది" అన్నాడు, ఆయన ఇంకా గుమ్మం దాటకముందే.

అసలాయనకి వెనక్కి తిరిగి మెట్లు దిగిపోవాలనిపించింది. దిగలేదు. వాచీని తువాలు మీద పెట్టాడు.

మేస్త్రి బొటనవేలు అద్దం మీద ఒకసారి తిరిగింది. కీ ఎంతవరకు ఎక్కి ఉందో మునివేళ్లతో చూసుకుని, చాలనుకుని, చెవి దగ్గర పెట్టుకున్నాడు. ముఖం అంతా నవ్వు. చూడని కళ్లు మూసుకున్నాడు.

నవ్వు అలాగే ఉంది. కానీ కాసేపటికి, లోపలివాళ్లు వెళ్లిపోయాక తలుపు తెరిచే ఉన్న ఇల్లు లాగా అయింది ఆ ముఖం.

"ఎలా ఉంది నాన్నా? హుషారుగా ఉన్నాడా మీ ముసలాయన?" అంది కూతురు.

"బాగుందమ్మా. ఒక్క తప్పటడుగు కూడా లేదు" అన్నాడు మేస్త్రి. ఇంకా చెవి దగ్గరే పెట్టుకున్నాడు, ఒకవేళ తనే పొరపడ్డానేమో అన్నట్టు. తర్వాత దించాడు. "నా మూత కత్తి ఇటివ్వు. బాబాయికి కాసిని టీ పెట్టు."

కత్తి ఇచ్చి ఆ అమ్మాయి వంటింట్లోకి వెళ్లింది. మేస్త్రి గోటితో అంచు తడిమి, కత్తి మొన ఆనించి, ఒక్క నొక్కుతో మూత లేపాడు. దాన్ని తిరగేసి లోపలి వైపు బొటనవేలి గోరు నడిపించాడు. ఈ చివర నుంచి ఆ చివరికి. మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరికి. గోరుకి ఏదీ తగల్లేదు.

అసలాయన చెప్పాలనుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఇప్పుడు తిడితే బాగుండును, ఆ కత్తి తన మీదికి విసిరినా బాగుండును అనుకున్నాడు.

"మంచి చెయ్యి తమ్ముడూ నీది" అన్నాడు మేస్త్రి. "ఇంత నున్నగా నేను కూడా తోమలేను."

"అన్నా..."

"మిషను కూడా మంచిదే. ఎవరూ చెయ్యి పెట్టనిది. అసలుది." మూత మళ్లీ దాని స్థానంలో పెట్టి అరచేత్తో అదిమాడు. టప్పున పడింది. వాచీని అసలాయన అరచేతిలో పెట్టి, ఆయన వేళ్లని తనే మూశాడు. "తీసుకెళ్లి దాచుకో."

వంటింట్లో గిన్నె చప్పుడవుతోంది. అసలాయన కుర్చీ పక్కనే కింద కూర్చుండిపోయాడు. ఆయన గొంతు ఆయనకే వినపడనంత చిన్నదైపోయింది.

"అన్నా, చివర్లో నాకోసం రాశావట. ఏం రాశావు?"

మేస్త్రి తువాలు మడత విప్పి, మళ్లీ జాగ్రత్తగా మడత పెట్టాడు. కోపం లేదు ఆయన గొంతులో. అలసట ఉంది, అంతే.

"చదివానన్నావుగా" అన్నాడు.

టీ తాగాడో లేదో అసలాయనకి గుర్తులేదు. మెట్లు దిగుతున్నప్పుడు గుప్పిట్లో వాచీ టిక్ టిక్ అని ఎక్కడా తడబడకుండా నడుస్తోంది. ఎడమ చెప్పు నిజంగానే అరిగిపోయింది, ప్రతి మెట్టు మీదా కాలు ఒక పక్కకి ఒరుగుతోంది. నాన్న వాచీ ఏదిరా అని అడిగేవాళ్లు ఇక లోకంలో ఎవరూ లేరు.